తిన్నట్టు రాయడమైనది

ఆసుపత్రిలో మనిషి బరువు తెలుసుకోవడానికి నాలుగు మార్గాలున్నాయి. పేషెంటును అడగడం మొదటిది. ఆయన మాట్లాడే స్థితిలో లేకపోతే కొడుకును అడగడం రెండోది. కొడుకు ఫోన్లో ఉంటే మంచం వైపు ఓ చూపు చూసి "అరవై ఉంటాడులే" అనుకోవడం మూడోది. కాటా మీద నిలబెట్టడం నాలుగోది. ఈ నాలుగోది నాకు ఎం.ఎస్సీ. న్యూట్రిషన్‌లో చెప్పారు. మిగతా మూడూ హైదరాబాదులోని ఒక పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో డైటెటిక్స్ ఇంటర్న్‌గా వార్డులు తిరిగి నేర్చుకున్నాను.

అలాగని కాటా లేదనకండి. ఉంది. నర్సింగ్ స్టేషన్ వెనక, చక్రం ఊడిన వీల్‌చైర్‌కు తోడుగా ఉంది. దాన్లో సెల్లులు లేవు. సెల్లుల సంగతి బయోమెడికల్ వాళ్ళనడిగితే, మిషను మాదే కానీ సెల్లులు స్టోర్స్ కిందికొస్తాయన్నారు. స్టోర్స్ వాళ్ళు ఇండెంటు పెట్టమన్నారు. ఇండెంటు మీద వార్డు ఇన్‌చార్జి సంతకం కావాలి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఇంటర్న్‌వి కదమ్మా, నీకెందుకివన్నీ?" అన్నారు. నిజమే. నాకెందుకు? బరువు కావాల్సింది పేషెంటుకు.

ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగికీ 24 గంటల్లో పోషకాహార స్క్రీనింగ్ జరగాలని గోడ మీద అద్దం ఫ్రేములో పాలసీ ఉంది. కాబట్టి ఫారం నింపాలి. సూర్యాపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గరికెళ్ళి, బరువెంత పెద్దాయనా అని అడిగాను.

"వడ్ల కాంటా మీద నిలబడ్డ బిడ్డా. డెబ్బై చూపెట్టింది."

"ఎప్పుడు?"

"మా చిన్నోని పెండ్లైన ఏడు."

ఆ చిన్నోడు మంచం పక్కనే నిలబడి ఉన్నాడు, హైస్కూలు చదివే తన కొడుకును పక్కన పెట్టుకుని. నేను 70 కిలోలని రాశాను. ఎత్తు చూపుతో 165 సెంటీమీటర్లనుకున్నాను. వయసు ఆధార్ కార్డు ప్రకారం 68. ఈ మూడింటినీ హారిస్, బెనెడిక్ట్ అనే ఇద్దరు అమెరికా పెద్దమనుషులు 1919లో అచ్చేసిన సూత్రంలో పెట్టాలి. వాళ్ళు 136 మంది మగవాళ్ళనూ 103 మంది ఆడవాళ్ళనూ కొలిచి దాన్ని తయారుచేశారు. ఆ 239 మందిలో సూర్యాపేట వాళ్ళెవరూ లేరని నా నమ్మకం. పెట్టగా, ఈయన కదలకుండా పడుకుంటే రోజుకు 1395.29 క్యాలరీలు కావాలని వచ్చింది. మనవడి వయసున్న తూకం, కంటితో కొలిచిన ఎత్తు, నూరేళ్ళ కిందటి సూత్రం కలిస్తే చివర రెండు దశాంశ స్థానాల ఖచ్చితత్వం. ఆ పాయింట్ రెండు తొమ్మిది చూసి మా చీఫ్ డైటీషియన్ మేడమ్ మెచ్చుకున్నారు.

పడుకున్న మనిషి ఎత్తును మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్న ఎముక పొడవుతోనో, మోకాలి ఎత్తుతోనో లెక్కగట్టవచ్చు. కాలేజీలో నేర్పారు కాబట్టి మర్నాడు టేపు పట్టుకుని వెళ్ళాను. పక్క మంచం ఆవిడ చూసి, "ఈడ జాకెట్లు గూడ కుడతరా?" అంది. వార్డంతా నవ్వింది. సిస్టరూ నవ్వింది. నేనూ నవ్వేశాను, ఇంటర్న్ కోటుకు అంతకన్నా గౌరవం ఆశించడం అత్యాశ కాబట్టి.

ఆసుపత్రి మొత్తం మీద నిక్కచ్చిగా పనిచేసే కాటా ఒకటుంది, డయాలసిస్ యూనిట్‌లో. అక్కడ కిలోల లెక్క తప్పితే ఒంట్లోంచి ఎన్ని నీళ్ళు తియ్యాలో తెలియదు. పేషెంటు అక్కడే బీపీ పడిపోయి కళ్ళు తేలేస్తాడు. అంటే బరువు తప్పైతే ఆ పూటకా పూట గొడవయ్యే చోట కాటాకు సెల్లులుంటాయి. నెమ్మదిగా చంపే చోట ఉండవు. వార్డు బాయ్‌ని బతిమాలి పెద్దాయనను వీల్‌చైర్‌లో అక్కడికి తీసుకెళ్ళాను. 49. ఫైల్లో ఉన్న మనిషికీ మంచం మీదున్న మనిషికీ మధ్య 21 కిలోల తేడా. పోయిన దసరాకు కుట్టించిన ప్యాంటు ఇప్పుడు జారిపోతోందని చిన్నోడు అప్పుడు చెప్పాడు. ఆ ప్యాంటు గురించి అడిగే గడి ఫారంలో ఉంది. దానికి ఎదురుగా అప్పటికే "లేదు" అని టిక్కు పెట్టి ఉంది.

రోగుల ఎత్తూ బరువూ రాయరు, పరీక్షల పేరు చెప్పి భోజనాలు ఎగ్గొట్టిస్తారు, రోజుల తరబడి గ్లూకోజు, సెలైను మీద పడేస్తారు, ఆ రకంగా ఆసుపత్రులే జనాన్ని పస్తుపెట్టి క్షీణింపజేస్తున్నాయి అని చార్ల్స్ బటర్‌వర్త్ అనే అమెరికా వైద్యుడు 1974లో తన సాటి డాక్టర్ల మీద దుమ్మెత్తిపోశాడు. ఆయన వ్యాసం మాకు పాఠంగా ఉంది, చరిత్ర అనే శీర్షిక కింద. వార్డులోకి వెళ్ళాక తెలిసింది, మా ఆసుపత్రి దాన్ని ప్రొసీజర్ మాన్యువల్‌గా వాడుకుంటోందని.

ఇంతకీ ఇంటర్న్ అంటే ఎవరో చెప్పాలి. న్యూట్రిషన్‌లో పీజీ చేసిన పిల్ల ఆసుపత్రిలో ఆర్నెల్లు పనిచేస్తే, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు కూర్చునే అర్హత వస్తుంది. ఆ ఆర్నెల్లూ జీతం ఉండదు. స్టైపెండ్ అనే మాట హెచ్‌ఆర్‌లో అడిగితే, "మీకు నేర్చుకునే అవకాశం ఇస్తున్నాం కదా" అంటారు. కొన్నిచోట్ల ఆ అవకాశానికి మననుంచే ఫీజు తీసుకుంటారు. కూలి అడగని కూలీలు, పైగా ఎదురు డబ్బు కట్టే కూలీలు! మన దేశంలో ఇంత చవగ్గా దొరికే శ్రమను ఇంకా ఏ బిజినెస్ స్కూలూ కేస్ స్టడీగా ఎందుకు రాయలేదో తెలియదు.

రౌండ్స్‌లో మా స్థానం కూడా గమనించదగినది. ముందు కన్సల్టెంటు గారు. ఆయన వెనక రిజిస్ట్రార్, ఆ వెనక పీజీలు, డ్యూటీ డాక్టరు, ఇన్‌చార్జి సిస్టరు, ఫైళ్ళు మోసే సిస్టరు, ఫిజియోథెరపీ, ఫార్మసీ. ఆ తరవాత డైటీషియన్. డైటీషియన్ వెనక ఇంటర్న్. ఈ ఊరేగింపులో తల మంచం దగ్గరుంటే తోక లిఫ్టు దగ్గరుంటుంది. పేషెంటు ఏం చెబుతున్నాడో మాకు వినపడదు. వినపడేది చివర్లో కన్సల్టెంటు గారు పక్క మంచానికి కదులుతూ అనే ఒక్క మాటే: "సాఫ్ట్ డైట్ స్టార్ట్ చెయ్యండి." పేషెంటు భార్య పరుగున వచ్చి, "ఏమన్నా పెట్టొచ్చా సార్?" అంటుంది. "ఏమన్నా పెట్టండమ్మా, బలమైన తిండి పెట్టండి," అని ఆయన నవ్వుతారు. ఆ నవ్వుకు విడిగా ఫీజు లేదు.

ఇక కిచెన్. దాన్ని బయటి క్యాటరింగ్ వాళ్ళకు కాంట్రాక్టుకిచ్చారు. అక్కడ తయారయ్యే డైట్ల వైవిధ్యం చూస్తే పాకశాస్త్రం మీద గౌరవం పెరుగుతుంది. డయాబెటిక్ డైట్ అంటే అదే అన్నం, అదే కూర, అదే గిన్నె. పాయసం తీసేసి రెండు బిస్కెట్లు పెడతారు. సాల్ట్ ఫ్రీ డైట్ అంటే అదే పప్పు, ఉప్పు పొట్లం విడిగా పక్కన. రీనల్ డైట్‌లో పొటాషియం తక్కువుండాలి కాబట్టి అరటిపండు తీసేసి టమాటా పప్పు పెడతారు. హై ప్రోటీన్ డైట్ అంటే మామూలు ట్రే మీద ఒక ఉడికిన గుడ్డు. పేషెంటు శాకాహారి అయితే మామూలు ట్రే మీద "హై ప్రోటీన్" అనే స్టిక్కరు. నేను లెక్కగట్టి రాసిచ్చిన మెనూ చూసి కిచెన్ సూపర్‌వైజర్ ఎంతో ఆదరంగా, "మేడమ్, ఇది చదువుకున్నవాళ్ళ మెనూ. మాది నాలుగొందల ట్రేల మెనూ," అన్నాడు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. నిజం చెప్పిన అతి కొద్దిమందిలో ఆయనొకడు.

ట్రే వార్డుకు చేరుతుంది. సిస్టరు ఫైల్లో "డైట్ గివెన్" అని రాస్తుంది. ఆసుపత్రి దృష్టిలో అన్నం ప్రయాణం అక్కడితో పూర్తయింది. ట్రే మీద మూత తీశారా, ఎవరు తీశారు, ఎన్ని ముద్దలు దిగాయి, ఎంత వెనక్కి పోయింది – ఇవి ఏ రిజిస్టరులోనూ ఉండవు. మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో గంట గంటకూ కొలిచి రాస్తారు. లోపలికి పోయిన ముద్దకు మాత్రం కొలత లేదు.

చాలా మంచాల దగ్గర ఆ ట్రేను తినేది పేషెంటు కాదు, అటెండెంటు. కొడుకో కోడలో భార్యో ఊరి నుంచి వచ్చి రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటారు. కింద కేఫెటీరియాలో భోజనం ధర చూసి పైకి వచ్చేస్తారు. సర్కారు దవాఖానాల్లో మామూలు రోగి తిండికి రోజుకిచ్చే మొత్తాన్ని తెలంగాణ ప్రభుత్వం 2022లో 40 రూపాయల నుంచి 80కి పెంచింది. మా లాబీలో ఆ 80కి నురగ కాఫీ రాదు. అందుకని పేషెంటు నాలుగు మెతుకులు కెలికి పక్కన పెట్టిన ట్రేను అటెండెంటు అటు తిరిగి గబగబా తినేస్తుంది. ఒక ముసలావిడ నన్ను చూసి భయపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. తినమ్మా అన్నాను. ఆ ఒక్క పూటా ఆ వార్డులో నేను ఇచ్చిన పోషకాహార సలహా అమలైంది.

ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. బయటి ఆహారం నిషిద్ధం. ఇన్ఫెక్షన్ కంట్రోల్. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు టిఫిన్ క్యారియర్ మూతలు తీయించి, పెరుగన్నాన్నీ మునక్కాడ పులుసునూ పట్టుకుంటాడు. ఆవకాయ దొరికితే ఇక చెప్పనక్కర్లేదు, గంజాయి దొరికినట్టు వాకీటాకీలో మాట్లాడతాడు. అదే గేటులోంచి కొబ్బరి బోండాలు మాత్రం దర్జాగా లోపలికి వస్తాయి. మన తెలుగువాళ్ళు ఆసుపత్రికి ఉత్త చేతులతో వెళ్ళరు. బోండాం, బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా, ఈ నాల్గూ పరామర్శకు పాస్‌పోర్టులు. కిడ్నీ వార్డులో ఒకాయన మంచం కింద బోండాలు వరస పేర్చి ఉండటం చూశాను. ఆయన రక్తంలో పొటాషియం అప్పటికే ప్రమాదం గీత దగ్గరుంది. కొబ్బరినీళ్ళ నిండా ఉండేది పొటాషియమే. అది ఇంకా పెరిగితే గుండె ఆగిపోవచ్చు. గార్డుకు చెబితే, "కొబ్బరినీళ్ళు చలవ మేడమ్, సెలైన్ అసొంటిదే," అని నాకు పాఠం చెప్పాడు.

గేటు లోపలి సంగతి ఇంకా రమ్యంగా ఉంటుంది. గుండె జబ్బుల బ్లాకు కింద కేఫెటీరియాలో సమోసా, ఎగ్ పఫ్, కూల్‌డ్రింకు. స్టెంటు వేయించుకున్నాయన డిశ్చార్జై నడిచే దారిలోనే నూనె బాండీ వాసన. ఫార్మసీ కౌంటరు మీద రంగు రంగుల డబ్బాల్లో పేరులో ఓఆర్ఎస్ ఉన్న పండ్లరసాలు ఉండేవి. విరేచనాల పిల్లాడికి కావాల్సింది లీటరు నీళ్ళకు 13.5 గ్రాముల గ్లూకోజున్న అసలు ఓఆర్ఎస్. తియ్యటి జ్యూసు తాగితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఈ మోసం మీద మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో గానీ ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఉత్తర్వివ్వలేదు. అన్నేళ్ళూ ఆవకాయ మాత్రమే నేరస్థురాలు.

ఇప్పుడు పస్తుల పర్వం. మంచం తలవైపు "ఎన్‌బీఎం" అని అట్ట వేలాడితే నోట్లో పచ్చి మంచినీళ్ళయినా పొయ్యకూడదని అర్థం. మత్తుమందు శాస్త్రం చెప్పేది, తేలికపాటి తిండిని ఆపరేషనుకు ఆరు గంటల ముందు ఆపండి, మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా ఇవ్వొచ్చు అని. మా వార్డు శాస్త్రం చెప్పేది, రాత్రి పన్నెండు నుంచి అందరికీ బంద్. పొద్దున ఏడింటి కేసుకూ అదే, మధ్యాహ్నం మూడింటి కేసుకూ అదే. మూడింటి కేసు ఆరుకు జరుగుతుంది, లేదా సర్జన్ గారికి ఇంకో ఆసుపత్రిలో ఎమర్జెన్సీ వచ్చి రేపటికి పోతుంది. అప్పటికి కిచెన్ కట్టేస్తారు. పేషెంటుకు రెండు బ్రెడ్డు ముక్కలు, మళ్ళీ పన్నెండుకు అట్ట. ఇలా రెండు ఏకాదశులు చేసిన షుగరు పేషెంటు ఒకావిడ, "ఇంత ఉపాసం తిరుపతి కొండ కింద చేసుంటే మోక్షమన్నా వచ్చేది," అంది. ఫైల్లో ఆ రెండు రోజులకూ నా పేరు మీద 1500 క్యాలరీల డయాబెటిక్ డైట్ ప్లాను చక్కగా ఉంది.

"ఏం కాదమ్మా, గ్లూకోజ్ ఎక్కుతోందిగా," అంటారు. ఈ మాటంటే మన జనానికి భక్తి. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి నీరసమని వెళ్తే సీసా ఎక్కిస్తాడు, లేచి బలం వచ్చిందంటారు. అయిదు శాతం డెక్స్ట్రోస్ ఒక లీటరు ఎక్కిస్తే లోపలికి పోయేది 50 గ్రాముల చక్కెర, 170 క్యాలరీలు. మూడు నాలుగు ఇడ్లీల పాటి. అందులో మాంసకృత్తులు సున్నా. మామూలు సెలైన్‌లో అయితే క్యాలరీలు కూడా సున్నా, అది ఉప్పునీళ్ళు. రోజంతా ఆ సీసా కింద పడుకున్న మనిషి తన కండనే కరిగించుకు తింటుంటాడు. ఇడ్లీలు పెడితే అది తిండి, సీసా పెడితే అది వైద్యం. రెంటికీ బిల్లులో ఉన్న తేడా చూస్తే ఏది ఎందుకు గౌరవనీయమో అర్థమవుతుంది.

మన నమ్మకాలూ తక్కువేమీ తినలేదు. ఆపరేషనైన వాళ్ళకు పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు పెడితే కుట్లు ఊడతాయని, బాలింతకు ఇంకేదో అవుతుందని ఇంట్లో పెద్దలు ఆంక్షలు పెడతారు. గాయం మానడానికి కావాల్సిన ప్రోటీన్ ఆ రెంట్లోనే ఉంది. నేను అరగంట కూర్చుని ఒక అత్తగారిని ఒప్పించాను. ఒప్పుకుంది కూడా. అంతలో రౌండ్స్‌కొచ్చిన జూనియర్ డాక్టరును అడిగింది, పప్పు పెట్టొచ్చా సారూ అని. "వద్దులెండి, ఎందుకు రిస్కు," అన్నాడాయన. ఎంబీబీఎస్ చదివినా ఇంట్లో అమ్మమ్మ చెప్పిందే మిగిలింది. నా అరగంట అక్కడికక్కడే డిశ్చార్జైపోయింది.

ఇవన్నీ నవ్వుకోదగ్గవి. నవ్వు రానిది ఒకటి చెబుతాను. తాగుడు మనిషి ఒకతన్ని తీసుకొచ్చారు. వారం పైగా మందు తప్ప ముద్ద ముట్టలేదు, మనిషి పుల్లలా ఉన్నాడు. ముక్కులోంచి గొట్టం వేసి, డబ్బా పౌడరు కలిపి రెండు గంటలకోసారి ఫుల్ ఫీడ్ ఇమ్మన్నారు. ఇలా పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా తిండి దించితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం పాతాళానికి పోతాయి, గుండె లయ తప్పొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో పస్తులతో చిక్కిపోయిన ఖైదీలు కడుపునిండా తిన్నాక చనిపోవడంతో డాక్టర్లు తెలుసుకున్న సంగతి ఇది. ముందు థయమిన్ ఇవ్వాలి, కిలోకు 10 క్యాలరీలతో మొదలుపెట్టాలి, ఫాస్ఫేటు చూస్తూ పోవాలి. ఇదంతా ఫైల్లో రాశాను. పెన్సిల్‌తో. ఇంటర్న్ రాత పెన్సిల్‌తోనే ఉండాలి, డైటీషియన్ మేడమ్ సంతకం పెట్టాకే అది పెన్ను అవుతుంది. మేడమ్ ఆ రోజు అక్రెడిటేషన్ మీటింగులో ఉన్నారు. డ్యూటీ డాక్టరుకు నోటితో చెప్పాను. "ఫాస్ఫేట్ టెస్టు ప్యాకేజీలో లేదు," అన్నాడు, మర్యాదగానే. మూడో రోజు అతన్ని ఐసీయూకు తోశారు. బతికాడు. ఫైల్లో "ఎలక్ట్రోలైట్ ఇంబ్యాలెన్స్" అని నీలి సిరాతో ఉంది. ఇన్‌చార్జి సిస్టరు ఆ పేజీ శుభ్రంగా ఉండాలని పెన్సిల్ రాతను రబ్బరుతో తుడిచేసింది. అంతకుముందు రెండు రోజుల ఫీడు చార్టులో ప్రతి గడిలోనూ ఒకటే వాక్యం, "ఫీడ్ టాలరేటెడ్ వెల్".

ఆ పౌడరు డబ్బా సంగతి కూడా చెప్పుకోవాలి. దాని కంపెనీ రెప్పు వార్డులో నాకన్నా స్వేచ్ఛగా తిరుగుతాడు. అతనికి ఐడీ కార్డు అడగరు, కుర్చీ వేస్తారు. మా డిపార్టుమెంటులో గోడ గడియారం అతనిదే, పెన్నులు అతనివే, పేషెంట్లకిచ్చే డైట్ చార్టు వెనక బొమ్మా అతని డబ్బాదే. డబ్బా ఖరీదు కూలికెళ్ళే ఆడమనిషికి మూడు రోజుల సంపాదన. మిక్సీ పట్టిన పప్పన్నం, గుడ్డు, పాలు, నూనె చుక్కతో గొట్టంలోంచి పోసే ఫీడు ఇంట్లో ఎలా చేసుకోవాలో నేను ఒకావిడకు తెలుగులో రాసిచ్చాను. అది అన్ని కేసులకూ పనికిరాదు, ఐసీయూలో శుభ్రత లెక్కలు వేరు, నాకు తెలుసు. కానీ ఇంటికెళ్ళి ఆర్నెల్లు గొట్టంతో బతకాల్సిన మనిషికి డబ్బా ఒక్కటే దారి అని చెప్పడం వైద్యం కాదు, ఏజెన్సీ. ఆ కాగితం మేడమ్ కంట పడింది. "అప్రూవ్డ్ ఫార్మాట్ కాదిది," అన్నారు.

అప్రూవ్డ్ ఫార్మాట్ ఎలా ఉంటుందంటే, పూర్తిగా ఇంగ్లీషులో. పొద్దున ఓట్స్. పదకొండింటికి కివీ లేదా బ్లూబెర్రీ. మధ్యాహ్నం బ్రౌన్ రైస్, బ్రోకలీ, ఆలివ్ ఆయిల్. రాత్రి క్వినోవా సలాడ్. ఇది తీసుకునేది మిర్యాలగూడ పక్క పల్లె మనిషి. "బిడ్డా, జొన్నరొట్టె తినొచ్చా? గోంగూర తినొచ్చా?" అని అడుగుతాడు. చార్టులో జొన్న లేదు, గోంగూర లేదు, మజ్జిగ లేదు, రాగి జావ లేదు. ఇక్కడ అసలు వింత ఏమిటంటే, మనం ఏది తింటే ఏం వస్తుందో లెక్కతేల్చే జాతీయ పోషకాహార సంస్థ ఇదే ఊళ్ళో, తార్నాకలో ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. 2017లో అది తెచ్చిన పట్టికల్లో 528 ఆహారాల లెక్క ఉంది. తోటకూర దగ్గర్నుంచి చేపల దాకా అన్నీ మన దగ్గర దొరికేవే. ఆ పుస్తకం మా డిపార్టుమెంటులోనూ ఉంది. రెప్పు ఇచ్చిన డెస్క్ క్యాలెండరు కింద, క్యాలెండరు వంగకుండా ఆనుకోవడానికి.

డిశ్చార్జి రోజు డైట్ కౌన్సెలింగ్ అనే క్రతువు ఉంటుంది. పేషెంటు బట్టలు మార్చుకుంటుంటాడు, భార్య మందులు సంచిలో వేస్తుంటుంది, కొడుకు కింద బిల్లు క్యూలో. నేను కాగితం చేతిలో పెట్టి, "ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, ఏమన్నా డౌటుంటే అడగండి," అని ఒక సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. ఆ వేలిముద్ర కింద ఇంగ్లీషులో ఉంటుంది, నాకు అర్థమయ్యే భాషలో అంతా వివరించారు అని.

ఇలాంటి ఫైళ్ళను చూడటానికి అక్రెడిటేషన్ బృందం వచ్చిన వారం మా ఆసుపత్రి నిజంగా బాగుపడింది. కాటాలకు సెల్లులొచ్చాయి. కిచెన్‌లో అందరికీ టోపీలు, కొలత గరిటెలు. గోడకు తిండి పిరమిడ్ బొమ్మ. కేఫెటీరియాలో సమోసా మూడు రోజులు కనపడలేదు. ఇంటర్న్‌లకు ఇస్త్రీ కోట్లు వేసుకుని, ఏమడిగినా "పాలసీ ప్రకారం" అని మొదలుపెట్టాలని రిహార్సల్. ఒక పరిశీలకుడు నా ఫైలే తీశాడు. స్క్రీనింగ్ 24 గంటల్లో. ఉంది. క్యాలరీ లెక్క. ఉంది. మళ్ళీ అసెస్‌మెంట్. ఉంది. కౌన్సెలింగ్ సంతకం. ఉంది. ఆయన చాలా సంతోషించాడు. పక్కనే మంచం ఉంది, అందులో మనిషి ఉన్నాడు, ఆ మనిషి ముందు మూత తీయని ట్రే ఉంది. చెక్‌లిస్టులో ట్రే గడి లేదు కాబట్టి ఆయన అటు చూడలేదు. వాళ్ళు వెళ్ళిన మర్నాడు సెల్లులు టీవీ రిమోట్లలోకి వెళ్ళాయి.

2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం చేసి డైటీషియన్‌ను కూడా ఆరోగ్య వృత్తి నిపుణుల జాబితాలో చేర్చింది. చట్టం ఢిల్లీ నుంచి బయల్దేరింది, మా వార్డు లిఫ్టు దగ్గర ఆగింది. ఈలోగా బయట ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు వారాల సర్టిఫికెట్‌తో న్యూట్రిషనిస్టులు షుగరు తగ్గించే జ్యూసులు అమ్ముతున్నారు. వాళ్ళకు పెన్సిల్ అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇక్కడి జమాఖర్చు ఒకటి చాలాకాలం నాకు తెలియలేదు. నేను చేసే ప్రతి విజిటుకూ పేషెంటు బిల్లులో "డైటీషియన్ కన్సల్టేషన్" అని ఒక పద్దు పడుతోంది. విజిటు నాది, స్టైపెండ్ సున్నా, పద్దు ఆసుపత్రిది. తినని ట్రేలకు "న్యూట్రిషన్ చార్జెస్" అని ఇంకో పద్దు, రోజుకింత. ఈ సంగతి తెలిసింది బిల్లు కౌంటరు దగ్గర. వడ్ల కాంటా పెద్దాయన భార్య బిల్లు పట్టుకుని గట్టిగా అడుగుతోంది, ఈ తిండి పైసలేంది, మా ఆయన ఏం తిన్నడని. క్లర్కు నన్ను పిలిచి వివరించమన్నాడు. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వే చెప్పు బిడ్డా. నువ్వు రోజూ చూసినవ్ గదా. తిన్నడా?"

"తినలేదమ్మా," అన్నాను.

క్లర్కు కంప్యూటర్లో చూసి, "సిస్టమ్‌లో అన్ని పూటలూ డైట్ గివెన్ అని ఉంది. మేమేం చేయలేం," అన్నాడు.

ఆమె ఆ స్క్రీను వైపు చూసింది. చదవడం రాదు. కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టి కౌంటరు మీద పెడుతూనే అంది:

"కట్టకుంటే ఇంటికి పోనియ్యరు, అందుకు కడుతున్న. లేకుంటే తిన్నట్టు రాసుకున్నోళ్ళనే కట్టమందును."